సైనికుల మీద రవ్వ, ఏనుగు మీద విభూతి: ఎలా బాగు చేయాలి?

అద్దాలవాడు (తిరుపతి):

అందరికీ నమస్కారం. మూడు ప్రశ్నలున్నాయి. వాటికన్నా ముందు నేరం ఒప్పుకుంటాను. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మిద్దె ఎక్కి 24 మంది బొమ్మ సైనికులకు ప్రైమర్ (అసలు రంగుకు ముందు వేసే పునాది పూత) కొట్టాను. మే నెల, 42 డిగ్రీల ఎండ. ఆ వేళకు మా కొర్లగుంటలో కాకి కూడా నీడ వదిలి బయటికి రాదు.

అట్టపెట్టె మూత మీద రెండువైపులా అతికే టేపు వేసి వాళ్లను వరుసగా నిలబెట్టాను. కార్ల రంగులు అమ్మే దుకాణంలో కొన్న బూడిదరంగు ప్రైమర్ డబ్బా. దూరం ఎక్కువుంటే రంగు మందంగా పడదు కదా అని, నా తెలివికొద్దీ అడుగున్నర దూరం నుంచి కొట్టాను. పది నిమిషాలు ఆగి భూతద్దం కింద పెడితే ఒక్కొక్కడి భుజాల మీద, డాలు మీద, కుళ్ళాయి మీద బొంబాయి రవ్వ చల్లినట్టుంది. గోటితో గీకితే కొంత రాలింది. మిగిలింది గరుకు కాగితంలా అలాగే ఉంది. దాని మీద రంగు వేస్తే ప్రతి గింజా కనబడుతుంది.

నా గురించి రెండు మాటలు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగించే పని నాది. తిరుమల క్యూలో నలిగిన ఫ్రేములు, చంటిపిల్లలు విరిచిన కాడలు రోజూ నా బల్ల మీదికి వస్తాయి. ఊపిరి బిగపట్టి చేసే సన్నపని కొత్త కాదు. తలకు తగిలించుకునే భూతద్దం, ఆవగింజంత మరలు తిప్పే స్క్రూడ్రైవర్లు అన్నీ ఉన్నాయి. ఈ బొమ్మల పని మొదలుపెట్టినప్పుడు నాకేమిటి అనుకున్నాను. ఆ గర్వానికి ఫలితమే ఈ రవ్వ.

మేం ముగ్గురు మిత్రులం, పక్షానికొక ఆదివారం కలుస్తాం. ఆరడుగుల బల్ల మీద పచ్చని గుడ్డ పరిచి, టేపుతో అడుగులు కొలుచుకుంటూ, పాచికలు వేసుకుంటూ యుద్ధం ఆడతాం. ఇప్పుడు మా బల్ల మీద 1565 నడుస్తోంది, తళ్ళికోట. ఒక మిత్రుడిది బీజాపూరు, ఇంకొకడిది గోల్కొండ. విజయనగరం నా వంతు: 40 మంది కాల్బలం, 8 గుర్రాలు, ఒక ఏనుగు. చరిత్రలో రామరాయల తల తెగింది. మా బల్ల మీద ఇప్పటికి రెండుసార్లు తెగింది. ఓడిన ఆ రాజ్యమే తరువాత పెనుకొండకు, అక్కడి నుంచి మా పక్కనున్న చంద్రగిరికి చేరింది కాబట్టి నాకు కాస్త సొంత పగ కూడా ఉందనుకోండి.

బొమ్మలు 28 మిల్లీమీటర్లవి. తెలియనివారి కోసం: ఈ కొలతను పాదం నుంచి కంటిదాకా తీస్తారు, తల పైదాకా కాదు. ఒకడికి శిరస్త్రాణం ఉంటుంది, ఒకడికి పొడుగాటి కుళ్ళాయి ఉంటుంది, పై నుంచి కొలిస్తే లెక్క కుదరదు. కంటిని కొలతబద్దగా పెట్టుకున్న విద్య కాబట్టి నా వృత్తికి దగ్గరిదేనని నా భార్యకు చెప్పి చూశాను. నమ్మలేదు.

ఇవి అచ్చు పోసినవి కావు, మిత్రుడు తన త్రీడీ ప్రింటరులో రెసిన్‌తో (కాంతి తగిలితే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) తీసి ఇచ్చినవి. ప్రింటులో బొమ్మను నిలబెట్టే సపోర్ట్ పుల్లలు కత్తిరించి, అవి వదిలిన మొటిమల్ని సన్న ఆకురాయితో తడిగా అరగదీసి, అంట్లసబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టాను. అక్కడిదాకా తప్పు జరగలేదనే అనుకుంటున్నాను.

మొదటి ప్రశ్న అదే. ఈ 24 మందిని బతికించుకోవడం ఎలా? మిగిలిన 16 మందికి ఈ గతి పట్టకుండా ఏం చేయాలి? నేను చూసి నేర్చుకున్న వీడియోలన్నీ చలిదేశాలవి. డబ్బా చల్లగా ఉంటే కాసేపు గోరువెచ్చని నీళ్లలో పెట్టమంటారు. మా మిద్దె మీద ఆ డబ్బాను చేత్తో పట్టుకోలేకపోయాను.

రెండోది కళ్ల గొడవ. మా అమ్మ 40 ఏళ్లుగా దసరాకు బొమ్మల కొలువు పెడుతోంది. రంగు వెలిసిన మట్టిబొమ్మలకు ప్రతి ఏటా తనే మళ్లీ రంగు వేస్తుంది. "కళ్లు ఆఖర్న పెట్టాలి, గుళ్లో విగ్రహానికి కూడా ఆఖర్నే కళ్లు తెరిపిస్తారు" అంటుంది. వీడియోలవాళ్లేమో ముఖంలో అన్నిటికంటే ముందు కళ్లు వేయమంటారు. అమ్మ మాట విని పాత బొమ్మలు ఆరింటికి ఆఖర్న వేశాను. చర్మం, మీసం, నామం, కుళ్ళాయి అంచు అన్నీ అందంగా కుదిరాక చివర్లో కనుపాప పెట్టబోతే చుక్క జారి చెంప మీదికి వచ్చింది. తుడవబోతే మీసం పోయింది. బాగా వచ్చిన ఇద్దరు కూడా ఎదుట శత్రువును చూస్తున్నట్టు లేరు, కరెంటు బిల్లు చూస్తున్నట్టున్నారు. ఇందులో ఎవరిది సరైన పద్ధతి?

మూడోది ఏనుగు. దాన్ని నవంబరులో, ముసురు పట్టిన రోజున పూర్తిచేశాను. అంబారీకి ఎరుపు, వీపు మీది జూలు గుడ్డకు పసుపు, నొసటి మీద తామరపువ్వు, మూడు వారాల పని. ఆట మర్నాడే ఉందని మెరుపు లేని మాట్ వార్నిష్ డబ్బా తీసి వరండాలో కొట్టాను. తెల్లారేసరికి ఏనుగు మొత్తం విభూతి పూసుకుని కూర్చుంది. అప్పటి నుంచి బీరువాలోనే ఉంది. ఐరావతం అని మా అబ్బాయి పేరు పెట్టాడు.

ఇంత పొడుగు రాసినందుకు క్షమించండి.


డెంటింగ్ షెడ్డు (చిత్తూరు):

అన్నా, బొమ్మల సంగతి నాకు పెద్దగా తెలియదు. మా అబ్బాయి నాలుగు బొమ్మలు కొనుక్కున్నాడు, వాడి కోసం ఇక్కడ చదువుతుంటాను. కానీ కార్లకు, లారీ క్యాబిన్లకు రంగు కొట్టడం నా పని. 22 ఏళ్లయింది. మీకు జరిగింది మాకు ప్రతి మే నెలలో జరిగేదే.

రంగు నాజిల్ నుంచి చుక్కలుగా బయటికి వస్తుంది. అది తడిగా వచ్చి పడితేనే పక్క చుక్కతో కలిసి పరుచుకుంటుంది. మీరు అడుగున్నర దూరం పెట్టారు, పైన 42 డిగ్రీలు, మిద్దె మీద వడగాలి. చుక్క దారిలోనే ఆరిపోయింది. బొమ్మ మీద పడింది రంగు కాదు, రంగు పొడి. దూరం పెంచితే పలచగా పడుతుందన్నది చలికాలపు తెలివి. ఎండాకాలంలో దగ్గరికి జరగాలి. ఆ చిన్న డబ్బాకు జానెడు దూరం చాలు.

వేళ ముఖ్యం. పొద్దున ఏడున్నర, ఎనిమిది. తెల్లవారుజామున వద్దు, గాలిలో చెమ్మ ఉంటుంది. మేం షెడ్డులో కొట్టేముందు నేలంతా నీళ్లు చల్లి దుమ్ము అణుస్తాం. మీరు మిద్దె మీద గాలికి అడ్డంగా పెద్ద అట్టపెట్టె పెట్టుకుని దాని లోపల కొట్టండి. డబ్బాను లోపలి గోళీ చప్పుడు మొదలయ్యాక కూడా రెండు నిమిషాలు ఊపాలి. మీట నొక్కడం బొమ్మకు అవతల మొదలుపెట్టి, బొమ్మ మీదుగా పోనిచ్చి, ఇవతల వదలాలి. బొమ్మ మీదే నొక్కితే మొదటి ఉమ్ము దాని మొహాన పడుతుంది. ఒకేసారి కప్పాలని చూడకండి. మొదటిసారి కింద రంగు కనబడుతూనే ఉండాలి. కాసేపు ఆగి రెండోసారి, ఇంకాసేపు ఆగి మూడోసారి.

ఇంకొకటి, డబ్బాను ఎండలో పెట్టకండి. అది లోపల ఒత్తిడి ఉన్న డబ్బా. మా షెడ్డులో ఒకటి పేలితే రేకు పైకప్పుకు పడిన సొట్ట ఇప్పటికీ ఉంది. ఊరందరి సొట్టలూ తీస్తాను, అది మాత్రం అలాగే ఉంచాను, కొత్త కుర్రాళ్లకు చూపించడానికి.

పాడైన వాటిని థిన్నర్‌లో ముంచి బ్రష్‌తో రుద్దితే సరి, రేకు బయటపడుతుంది.


మూడో అంతస్తు ప్రింటరు (తిరుపతి):

పై అన్న చెప్పినదంతా బంగారం, చివరి వాక్యం తప్ప. దయచేసి థిన్నర్ వద్దు. మీ కారు రేకు కాబట్టి తట్టుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ బొమ్మలైతే థిన్నర్‌లో కరిగి ముద్దవుతాయి. రెసిన్ వెంటనే కరగకపోయినా ఉబ్బి, పగుళ్లు రావచ్చు. కత్తులు, ఈటెలు ముందు పోతాయి.

నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. హాస్టల్లో ప్రింటరు పెట్టనివ్వలేదు కాబట్టి బయట మూడో అంతస్తులో గది తీసుకుని అందులో పెట్టాను. అద్దె నాకోసం కాదు, ప్రింటరు కోసం కడుతున్నానని మా నాన్నగారికి ఇంకా చెప్పలేదు.

రంగు తీయడానికి ఈ అభిరుచి ఉన్నవాళ్లు చాలామంది వాడేది డెట్టాల్. నవ్వకండి. నీళ్లు కలపని డెట్టాల్‌ను మూత ఉన్న గాజు సీసాలో పోసి, ముందు ఒకే ఒక్క సైనికుణ్ణి వేయండి. అందరిలోకీ మీకు ఇష్టం లేనివాణ్ణి. ఒక రోజు ఉంచి పాత పళ్లబ్రష్‌తో రుద్దండి. అక్రిలిక్ రంగు పొరలుగా ఊడి వస్తుంది. కార్ల ప్రైమర్ మొండిది కాబట్టి పూర్తిగా రాకపోవచ్చు. పరవాలేదు, మీకు కావలసింది రవ్వ పోవడమే. మడతల్లో మిగిలిన పలుచటి ప్రైమర్‌తో నష్టం లేదు.

ఒక్క జాగ్రత్త. డెట్టాల్‌లో ఉన్న బొమ్మను తీసి నేరుగా కుళాయి కింద పెట్టకూడదు. నీళ్లు తగలగానే ఊడిన రంగు జిగురులా మారి మళ్లీ బొమ్మకే పట్టుకుంటుంది. రుద్దడం డెట్టాల్‌తోనే చేయాలి, మొదటి కడుగు కూడా శుభ్రమైన డెట్టాల్‌తోనే. రంగంతా పోయాకే సబ్బు నీళ్లు. చేతికి తొడుగులు వేసుకోండి, లేకపోతే చర్మం మండుతుంది. కిటికీ తెరిచి పెట్టండి.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి. ఆ ఏనుగు కూడా ప్రింటరులో తీసిందేనా? అంత పెద్ద బొమ్మను మామూలుగా నిండుగా తీయరు, రెసిన్ ఆదా చేయడానికి లోపల డొల్లగా ఉంచుతారు. డొల్లలో గట్టిపడని రెసిన్ కొంచెం మిగిలిపోతే అది కొన్ని నెలల తరువాత కూడా లోపలి నుంచి గోడను పగలగొట్టి బయటికి కారుతుంది. నా గుర్రం ఒకటి ఇలాగే, బీరువాలో ఉండగానే కడుపు పగిలి చచ్చింది. ఏనుగు పొట్ట కింద కారుడు రంధ్రం ఉందో లేదో చూడండి. లేకపోతే చిన్నది వేసి లోపల ఉన్నది బయటికి పోనిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పుక్కిలించినట్టు కడిగి, బాగా ఆరాక రంధ్రంలోకి అతినీలలోహిత కాంతి చూపించాలి. వార్నిష్ సంగతి దాని తరువాతే. గట్టిపడని రెసిన్ చర్మానికి మంచిది కాదు, దాన్ని కాలువలో పోయకండి. కాగితం మీద పోసి ఎండలో గట్టిపరిచి పారేయండి.


కలంకారీ చేతులు (శ్రీకాళహస్తి):

నాకు రెసిన్ తెలియదు, యుద్ధం అసలే తెలియదు. కళ్ల గురించి చెబుతాను. మా ఇంట్లో మూడు తరాలుగా గుడ్డ మీద కళ్లు వేస్తున్నాం.

మీ అమ్మగారు చెప్పింది తప్పు కాదు. కొలువు బొమ్మ ముఖం నున్నగా, అరచేతి మధ్య భాగమంత ఉంటుంది. అక్కడ కన్ను అంటే గీసేది. చుట్టూ చోటుంటుంది, ఆఖర్న గీసినా చెయ్యి ఆనించుకోవచ్చు, చెడితే చుట్టూ దిద్దుకోవచ్చు. విగ్రహానికి ఆఖర్న కళ్లు తెరిపించడం వేరే విషయం, అది ప్రాణం పోసే క్రతువు, రంగు పని కాదు. మీ సైనికుడి తల ఎంత? నాలుగు మిల్లీమీటర్లు అనుకుందాం. అందులో కన్ను గుంటలో, కనుబొమ్మ గట్టు కింద ఉంది. కుంచె గుంటలోకి వెళ్లేటప్పుడు చెంపకూ ముక్కుకూ తగలక తప్పదు. అందుకని ముందు కళ్లు వేసి, తరువాత చర్మం రంగుతో చుట్టూ మూసుకుంటూ రావాలి. అప్పుడు రెప్పను మీరు గీయక్కరలేదు, చర్మం రంగే రెప్ప అవుతుంది. కంటిని తీర్చేది ఆఖర్న వేసే ఆ చర్మం గీత కాబట్టి మీ అమ్మగారి మాట కూడా నిలబడినట్టే అని ఆవిడకు చెప్పండి.

గుంటంతా ముదురు గోధుమరంగు నింపండి. నలుపు వద్దు, ముఖం చచ్చిపోతుంది. దాని మీద అడ్డంగా ఒక చిన్న గీత, కొంచెం పసుపు కలిసిన తెలుపు. పాలలాంటి తెలుపు పెడితే భయపడినట్టుంటాడు. తెలుపుకు పైనా కిందా గోధుమరంగు వెంట్రుకవాసి మిగలాలి. కనుపాపను చుక్కగా పెట్టకండి. మీ సైనికులు బిల్లు చూసినట్టు ఉన్నది అందుకే: చుక్క తెలుపు మధ్యలో తేలితే బొమ్మ ఉలిక్కిపడినట్టు కనబడుతుంది. పై రెప్ప నుంచి కింది రెప్పదాకా నిలువుగా చిన్న గీత గీయండి, రెండు రెప్పలకూ తగలాలి. ముందు మీకు కష్టమైన కన్ను వేయండి. కుడిచేతివాటమైతే చాలామందికి బొమ్మ ఎడమకన్ను కష్టం. రెండోదాన్ని దానికి జోడు చేయడం సులువు.

కుంచె సంగతి. మీరు తప్పకుండా మూడు సున్నాల సన్న కుంచె కొనుంటారు. అందరూ అదే చేస్తారు. దానికి రంగు పట్టుకునే పొట్ట లేదు, ఈ ఎండకు ముఖం దాకా చేరేలోపే మొన ఆరిపోతుంది. ఒకటో నంబరుది తీసుకుని మొన సూదిలా ఉందో లేదో చూసుకోండి. రంగును పింగాణీ పళ్లెంలో పెట్టకండి. మిఠాయి డబ్బా మూతలో తడి టిష్యూ కాగితం నాలుగు మడతలు పరిచి, పైన బటర్ పేపర్ వేసి దాని మీద రంగు కలుపుకోండి, గంటలతరబడి ఆరదు. బోరు నీళ్లు వద్దు, పలచటి రంగు ఆరాక తెల్లటి ఉప్పు మిగులుతుంది. మేం గుడ్డ ఉతకడానికే నీళ్లు చూసుకుంటాం, అన్ని నీళ్లలోనూ రంగు ఒకేలా తేలదు.

పంచెల మీద అద్దకం వేయాలని ఉందా? లేపాక్షి పైకప్పు చిత్రాల్లో ఆ కాలపు బట్టలు చక్కగా కనిపిస్తాయి, కుళ్ళాయిలు కూడా. కానీ డిజైను మొత్తం దింపాలని చూడకండి. గుడ్డ మీద మేం ముందు గీత గీసి తరువాత రంగు నింపుతాం. ఈ కొలతలో అది తిరగబడుతుంది: ముందు రంగు, ఆ తరువాతే గీత. అంచుకు రెండు గీతలు, వాటి మధ్య చుక్కలు చాలు. మిగతాది చూసేవారి కన్నే పూరిస్తుంది.


అద్దాలవాడు (తిరుపతి):

తొమ్మిది రోజుల తరువాత వచ్చాను. చేసినంతవరకు చెబుతాను.

డెట్టాల్ పని చేసింది. మొదటి బలిగా ఈటె వంకరపోయిన ఒకణ్ణి వేశాను. మర్నాడు సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికి మా అబ్బాయి, నాన్నకు సాయం చేద్దామని, వాణ్ణి సీసాలోంచి తీసి కుళాయి కింద కడిగాడు. ప్రింటరు తమ్ముడు చెప్పిన జిగురు ఎలా ఉంటుందో కళ్లారా చూశాను. పనసకాయ కోసిన చేతుల్లా అయ్యాయి వాడి చేతులు. కొబ్బరినూనెతో వాటిని వదిలించి, సైనికుణ్ణి మళ్లీ సీసాలో వేశాను. రెండో రోజు డెట్టాల్‌తోనే రుద్దితే రవ్వంతా పోయింది, మడతల్లో బూడిదరంగు మిగిలింది. ఆ తరువాత మిగతా 23 మందినీ మూడు దఫాలుగా వేశాను. ఇల్లంతా ఆసుపత్రి వాసన. ఎవరికి దెబ్బ తగిలిందని పక్కింటావిడ అడిగింది.

మిగిలిన 16 మందికి గురువారం పొద్దున ఏడున్నరకు ప్రైమర్ కొట్టాను. అట్టపెట్టె లోపల, జానెడు దూరం, మూడు విడతలు. శేషాచలం మీద ఇంకా ఎండ ఎక్కలేదు. మొదటిసారి కొట్టాక సగం రెసిన్ కనబడుతుంటే చెయ్యి ఊరుకోలేదు, ఇంకొంచెం కొట్టమంటుంది. చిత్తూరు అన్న మాట గుర్తుచేసుకుని డబ్బా కింద పెట్టి కాఫీ తాగడానికి దిగిపోయాను. నేను నేర్చుకోవలసింది ఆ దిగిపోవడమేనేమో. భూతద్దం కింద చూశాను, కొత్త ఫ్రేము కాడలా నున్నగా ఉంది. అన్నకు దండం.

బోరు నీళ్ల మాట చదివి నా తల నేనే కొట్టుకున్నాను. బోరు నీళ్ల మరకలు అద్దం మీద ఎలా పడతాయో రోజుకు పదిమందికి చెబుతాను, బొమ్మలకు మాత్రం అవే నీళ్లు వాడాను.

ఇక కళ్లు. రాత్రి పదింటికి, దుకాణం మూసి, అన్నం తిని, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని వేశాను. చర్మం రంగు నేనే కలిపాను. కొన్న సీసా మీద చర్మం అని రాసి ఉంటుంది గానీ అది రోజా రంగు, మా ఊళ్లో ఎవరికీ ఆ చర్మం లేదు. కాల్చిన సియన్నా అనే ఎర్రగోధుమ, ఓకర్ అనే మట్టిపసుపు చెరిసగం, ఒక చుక్క తెలుపు. ఒకే రంగు అందరికీ వేయకుండా ఇద్దరికి గోధుమ ఎక్కువ, ఒకడికి ఓకర్ ఎక్కువ. బస్సులో నిలబడినవాళ్లలా తలో రంగులో ఉన్నారు, అది బాగుంది. నీడకు ఉంబర్ అనే ముదురు గోధుమలో చిటికెడు నీలం.

ముందు గోధుమరంగు, తరువాత మీగడరంగు అడ్డగీత. రెండు మోచేతులూ బల్లకు ఆనించి, రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి, బొమ్మను సీసా మూతకు అతికించి పట్టుకున్నాను. ఊపిరి వదిలాక, మళ్లీ తీసుకునేలోపు ఒక గీత. దుకాణంలో మర బిగించేదీ అలాగే. మొదటివాడి కుడికన్ను సరిగ్గా వచ్చింది. ఎడమ కన్ను ముక్కు మీదికి పోయింది. అప్పుడు చర్మం రంగు తీసుకుని ముక్కు పక్కగా ఒక్క గీత గీస్తే ఆ తప్పు రెప్ప కిందికి వెళ్లిపోయింది. అమ్మ భూతద్దం అడిగి తీసుకుని చాలాసేపు చూసింది. ఆఖర్న చర్మం మూస్తేనే కన్ను తెరుచుకుందన్న సంగతి చెప్పాను. "నేను చెప్పింది అదేగా" అంది. నేనేమీ అనలేదు. ఆ రాత్రి ఐదుగురికి చూపు వచ్చింది, ఆరోవాడికి మెల్లకన్ను. వాణ్ణి వెనక వరుసలో పెడతాను.

తిరుమలలో మహాద్వారం దాటగానే కుడిపక్కన కృష్ణదేవరాయలు ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు కదా. ఇన్నేళ్లుగా ఆ తోపులాటలో ఒక్కసారి కూడా ఆయన ముఖం వైపు చూడలేదు. పోయిన శనివారం వెళ్లినప్పుడు కుళ్ళాయి కోసం, పంచె మడతల కోసం చూస్తూ నిలబడిపోతే వెనకవాళ్లు ముందుకు నెట్టారు. దేవుడి దగ్గర ఆగనివాణ్ణి రాజు దగ్గర ఆగానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతోంది.

ఏనుగు పొట్ట కింద రంధ్రం లేదు. వార్నిష్ ఎలా పోగొట్టాలో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.


డెంటింగ్ షెడ్డు (చిత్తూరు):

థిన్నర్ మాట వెనక్కి తీసుకున్నాను అన్నా. మా అబ్బాయి ఈ చర్చ మొత్తం చదివి నన్ను చూసి నవ్వాడు.

ఏనుగుది మాకు తెలిసిన జబ్బే. ముసురులో కొట్టారు, గాలిలోని చెమ్మ వార్నిష్‌లోకి పోయింది. మాట్ వార్నిష్‌లో మెరుపు చంపడానికి పొడి కలుపుతారు, ఊపకుండా మందంగా కొడితే అది కూడా తెల్లగా తేలుతుంది. చాలాసార్లు రంగు కింద క్షేమంగానే ఉంటుంది. మెరిసే వార్నిష్‌ను కుంచెతో పలచగా ఒక పూత పూయండి, డబ్బాతో కాదు. ఆ తెలుపు తడిసిన గోడలా మాయమవుతుంది. ముందు పొట్ట కింద కొంచెం పూసి చూసుకోండి. రెండు రోజులు ఆరనిచ్చి, పొడిగా ఉన్న రోజున మాట్ కొట్టుకోండి. కొందరు నూనె రాయమంటారు, తాత్కాలికంగా తెలుపు పోతుంది. నేనైతే రాయను, నూనె మీద మళ్లీ ఏ పూతా నిలబడదు.


మూడో అంతస్తు ప్రింటరు (తిరుపతి):

రంధ్రం లేదంటే లోపల రెసిన్ ఉన్నట్టే అన్నా. ముందు అది. పూత తరువాత.


అద్దాలవాడు (తిరుపతి):

తమ్ముడూ, నువ్వే గెలిచావు. ఏనుగును ఈ రోజు దుకాణానికి తీసుకెళ్లాను. ఫ్రేము లేని కళ్లజోళ్లకు అద్దానికి రంధ్రం వేసే సన్న డ్రిల్లు మా దగ్గర ఉంది. తొడుగులు వేసుకుని, మధ్యాహ్నం జనం లేనప్పుడు వెనక కాళ్ల మధ్య ఒకటి, గాలి ఆడటానికి తోక కింద ఒకటి వేశాను. రెండో రంధ్రం పడగానే మొదటి దాంట్లోంచి తేనెలాంటి బూడిదరంగు ద్రవం కాగితం మీద కారింది, చెంచా నిండా ఉంటుంది. ఆరు నెలలుగా దాన్ని కడుపులో పెట్టుకుని బీరువాలో నిలబడింది.

మూడుసార్లు ఆల్కహాల్‌తో కడిగాను. అతినీలలోహిత కాంతికి కూడా ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. ఎండకు నల్లబడే అద్దాలు నిజంగా నల్లబడతాయని గిరాకీకి చూపించడానికి మా బల్ల మీద చిన్న దీపం ఒకటి ఉంటుంది. ఆరాక రేపు దానితో లోపల చూపిస్తాను. కాంతి సరిపోతుందో లేదో చూసి చెప్పు.

ఏనుగు ఇప్పుడు పెద్ద కళ్లజోడు పెట్టెలో కాళ్లు పైకెత్తి వెల్లకిలా పడుకుని ఉంది. సాయంత్రం అద్దాలు తీసుకోవడానికి వచ్చిన పెద్దాయన దాన్ని చూసి, దానికి కూడా చత్వారమా అని అడిగారు. మెరిసే వార్నిష్ ఆదివారం పొద్దున, ఏడున్నరకు.